గ్లాకస్: పరుల ఆయుధములతో బ్రతుకు నీలినత్త

నత్త అనగానే మనకు తోచునది వానకాలమున పెరటిగోడ మీద మెల్లగా ప్రాకుచు, వెనుక వెండిచార వంటి జిగురుబాటను విడుచు జీవి. దాని నడక మెల్లన, రంగు మట్టిరంగు, స్వభావము పిరికి. ఏ మాత్రము అలికిడియైనను గుల్లలోనికి ముడుచుకొనును. ఆ గుల్లయే దానికి ఇల్లు, కోట, కవచము. అట్టి నత్త తన గుల్లను వదలివేసినచో దాని గతి ఏమగును? ఈ ప్రశ్నకు సముద్రములో వేలకొలది సమాధానములు ఉన్నవి. గుల్లను విడిచిపెట్టిన సముద్రపు నత్తలలో ఒక పెద్ద వర్గమునకు నూడిబ్రాంకులు అని పేరు. మొప్పలు ఏ మూతయు లేక బయటనే ఉండునవి అని ఆ మాటకు అర్థము. ఇప్పటికి వీనిలో సుమారు 3,000 జాతులు గుర్తింపబడినవి. పసుపు, కుంకుమ, నీలము, ఊదా మొదలగు రంగులతో, చారలతో, చుక్కలతో ఇవి సీతాకోకచిలుకలను మరపించును. ఆ రంగు కేవలము సొగసు కొరకు కాదు. పెక్కు జాతులలో అది, తినవచ్చిన చేపకు ‘నేను చేదు, నేను విషము’ అని దూరమునుండియే తెలుపు ప్రకటన.

ఈ కుటుంబములోని జాతులు దాదాపు అన్నియు సముద్రపు అడుగున రాళ్ళమీద, స్పంజికలమీద, పగడపు దిబ్బలమీద ప్రాకుచు బ్రతుకును. ఒకటి మాత్రము అడుగును పూర్తిగా వదలి నీటి ఉపరితలమునకు వచ్చి, నడిసముద్రమున అలలమీద కాపురము పెట్టినది. దాని శాస్త్రీయనామము గ్లాకస్ అట్లాంటికస్. బ్లూ డ్రాగన్ అను పేరు పత్రికలలో ఎక్కువగా కనబడును. డ్రాగన్ అనగా ఏనుగంత జంతువును ఊహించుకొననక్కరలేదు. నిండుగా పెరిగిన గ్లాకస్ పొడవు సాధారణముగా 3 సెంటీమీటర్లు. అరచేతిలో పెట్టిన చిటికెన వ్రేలంత కూడ లేదు. అయినను దానిని అరచేతిలో పెట్టుకొనరాదు. ఎందుకో ముందు తెలియగలదు.

గ్లాకస్ శరీరము తలవైపు లావుగా ఉండి తోకవైపు సన్నగిల్లును. ఇరుప్రక్కల మూడేసి చొప్పున రెక్కల వంటి భాగములు చాచుకొని ఉండును. ఒక్కొక్క రెక్క చివర విసనకర్ర వలె వ్రేళ్ళు విచ్చుకొనును. ఈ వ్రేళ్ళను జంతుశాస్త్రజ్ఞులు సెరాటా అందురు. ఒక్కొక్క నత్తకు ఇవి 84 వరకు ఉండవచ్చును. శ్వాసక్రియకు ఇవియే ముఖ్యస్థానము. ఆహారనాళమునుండి జీర్ణగ్రంథి శాఖలు చీలి ప్రతి సెరాటా లోనికిని పోవును. అనగా ఈ వ్రేళ్ళు ఏకకాలమున మొప్పలు, పొట్టలో కొంత భాగము కూడ. వీని కొనలలోనే మూడవ పని ఒకటి జరుగుచున్నది. ఈ వ్యాసమునకు అదియే ఆయువుపట్టు.

ఈ జంతువును శాస్త్రలోకమునకు పరిచయము చేసినది కాప్టెన్ కుక్ రెండవ సముద్రయాత్ర. 1772 నుండి 1775 వరకు సాగిన ఆ యాత్రలో జర్మను ప్రకృతి శాస్త్రజ్ఞులైన ఫార్‌స్టర్ తండ్రీకొడుకులు రిజల్యూషన్ ఓడపై ఉండిరి. 1777లో ప్రకటితమైన వర్ణనలో దీనికి గ్రీకు పురాణములలోని ఒక సముద్రదేవత పేరు పెట్టబడినది. రెండవ పేరు అట్లాంటిక్ మహాసముద్రమునుబట్టి వచ్చినను, ఈ నత్త పసిఫిక్, హిందూ మహాసముద్రములలోని వెచ్చని నీటిలో కూడ ఉన్నది. బంగాళాఖాతములో ఆంధ్రప్రదేశ్ తీరమునకు దూరమున 2012లో ఇది కనుగొనబడినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటిన దినములలో చెన్నైలోని బీసెంట్ నగర్ ఇసుకమీద ఈ నీలినత్తలు కొట్టుకొనివచ్చి పడియుండగా జనులు చూచిరి. కావున ఇది మనకు పరదేశపు వింత కాదు. మన సముద్రపు జీవియే.

నీటికంటె బరువైన నత్త నీటిమీద ఎట్లు నిలుచును? అది నోటితో గాలిని మ్రింగి కడుపులో ఒక బుడగగా నిలుపుకొనును. ఆ బుడగ దానిని పైకి లేపును. గ్లాకస్ వెల్లకిల తేలును. పెరటి నత్త నేలకు అంటించి నడుచు పాదము దీనికి ఆకాశమువైపు ఉండును. నీటి ఉపరితలమున తలతన్యత వలన ఏర్పడు పలుచని పొరకు అది తన పాదమును ఆనించి, లోకప్పుకు వ్రేలాడు బల్లివలె తేలియాడుచుండును. చెరువులో దోమపిల్లలు నీటిపొరను పట్టుకొని క్రిందికి వ్రేలాడుట విద్యార్థులు చూచియే ఉందురు. ఈ భంగిమ కొంత దానివంటిదే.

వెల్లకిల బ్రతుకుటతో దాని రంగులు కూడ ముడిపడియున్నవి. చేపల అంగడిలో కానాగంతను చూచినవారు దాని వీపు నీలపచ్చగను, పొట్ట వెండివలెను ఉండుట గమనింతురు. పైనుండి చూచు పక్షికి నీలి వీపు నీలి నీటిలో కలిసిపోవును. క్రిందినుండి చూచు పెద్ద చేపకు తెల్లని పొట్ట వెలుగుతో నిండిన నీటికప్పులో కలిసిపోవును. గ్లాకస్‌లో ఈ ఏర్పాటు తలక్రిందులుగా ఉన్నది. దాని పొట్టవైపు, అనగా పాదమున్న వైపు, నీలము తెలుపు చారలతో మెరయును. వీపు వెండిబూడిద రంగు. రంగులు తలక్రిందులైనవి, జంతువును తలక్రిందులైనది. కనుక లెక్క సరిపోయినది. రంగు వీపుదా, పొట్టదా అనునది ముఖ్యము కాదు. పైకి ఏ వైపు కనబడునో ఆ వైపు నీలముగా ఉండుటయే ముఖ్యము. జీవశాస్త్రమున పరిణామమును బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట అరుదు.

ఇక దాని ఆహారము. నడిసముద్రపు ఉపరితలమున గాలికి కొట్టుకొనిపోవుచు బ్రతుకు జీవుల ఒక చిన్న లోకము ఉన్నది. శాస్త్రజ్ఞులు దానికి న్యూస్టాన్ అని పేరు పెట్టిరి. అందులో నాణెమువలె గుండ్రముగా ఉండి అంచున నీలి కుచ్చులు గల పార్పిటా, వీపున చిన్న తెరచాప గల వెలెల్లా, జిగురు బుడగల తెప్పను కట్టుకొని దానికి వ్రేలాడు ఊదారంగు గుల్లనత్త జాంథినా ముఖ్యమైనవి. వీనికి అన్నిటికి పెద్ద, పాఠ్యపుస్తకములలో పోర్చుగీసు యుద్ధనౌకగా పేరుపొందిన ఫైసేలియా. ఇది ఒక జంతువువలె కనబడును గాని అనేక ఘటకములు కలసి కట్టుగా బ్రతుకు సహనివేశము. పైన గాలితో నిండిన నీలి తిత్తి, క్రింద పొడవైన స్పర్శకములు. ఈ స్పర్శకములు కొన్నిటికి 30 మీటర్లవరకు సాగును. అవి తగిలిన చిన్న చేప అక్కడికక్కడే చచ్చును. మనిషికి తగిలినచో కొరడాతో కొట్టినట్లు ఎఱ్ఱని వాతలు తేలి భరింపరాని మంట పుట్టును.

అట్టి ఫైసేలియాను మూడు సెంటీమీటర్ల నత్త తినును. ఏదో చచ్చిన ముక్కను ఏరుకొని తినుట కాదు. బ్రతికియున్న దానిని అంటిపెట్టుకొని, విషము గల స్పర్శకములనే కొరికి మ్రింగును. దాని నోటిలో గట్టి దవడలును, ఆకురాయి వంటి నాలుకయు ఉన్నవి. ఈ నాలుకకు రాడ్యులా అని పేరు. దానిమీద రంపపు అంచులు గల పండ్లు ఒకే వరుసలో ఉండును. పార్పిటా, వెలెల్లాలు కూడ దానికి ఆహారమే. ఏమియు దొరకనప్పుడు తోటి గ్లాకస్‌నే తినుటకు వెనుదీయదు.

దీని కీలకము తెలియవలెనన్న దంశకోశములను గురించి కొంచెము చెప్పుకొనవలెను. హైడ్రా, జెల్లీ చేప, సముద్రపు ఎనిమోను, ఫైసేలియా ఈ జీవులన్నిటికిని దంశకణములు ఉన్నవి. ఒక్కొక్క కణములో ఒక సూక్ష్మమైన గుళిక, అందులో చుట్టచుట్టుకొని ఉన్న బోలు దారము ఉండును. ఇదియే దంశకోశము. లోపలి పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 150 రెట్లు. తాకిడి తగిలిన తోడనే దారము తిరుగబడి బయటికి దూసుకొనివచ్చి, శత్రువు చర్మమున గ్రుచ్చుకొని విషము నింపును. హైడ్రాలో ఈ క్రియను అతివేగ ఛాయాగ్రహణముతో కొలిచి 2006లో జర్మను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. విడుదలలోని ముఖ్యఘట్టము 700 నానోసెకన్లలో, అనగా సెకనులో పదిలక్షవ వంతుకంటె తక్కువ కాలములో ముగియును. అప్పటి త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు 50 లక్షల రెట్లకు మించును. ప్రాణిలోకమున ఇంతటి వేగము మిక్కిలి అరుదు. ప్రయోగశాలలో హైడ్రాను సూక్ష్మదర్శినిక్రింద పెట్టి ‘ఇవి దంశకణములు’ అని చూపి ఊరకుండు ఉపాధ్యాయులు ఈ అంకెను కూడ చెప్పినచో పిల్లలు మరల ఒకసారి తొంగిచూతురు.

ఒకసారి పేలిన దంశకోశము మరల పనికిరాదు. ఇక్కడనే వింత. గ్లాకస్ స్పర్శకమును మ్రింగినపుడు అందులోని దంశకోశములు కొన్ని పేలకుండ లోనికి పోవును. ఆహారములో తక్కిన భాగము జీర్ణమగును గాని ఇవి జీర్ణము కావు. జీర్ణగ్రంథి శాఖలగుండ సెరాటా లోనికి ప్రయాణము చేసి, కొననున్న చిన్న సంచిని చేరును. ఆ సంచిలోని ప్రత్యేకకణములు వీనిని పట్టి లోపల పొదవి ఉంచుకొనును. సంచికి కండరపు గోడ, కొనయందు సన్నని రంధ్రము ఉన్నవి. శత్రువు కొరికినపుడు కండరములు బిగిసి, దంశకోశములు బయటికి చిమ్మబడి పేలును. ఫైసేలియా తన రక్షణకై తయారుచేసికొన్న ఆయుధము ఫైసేలియాను తిన్నవాని చేతిలో అదే పని చేయును. ఎరువు సొమ్ము బరువు చేటు అని సామెత. ఈ నత్త విషయమున ఆ సామెత చెల్లదు. నిజమునకు ఇది ఎరువు కూడ కాదు, దొంగసొమ్ము.

ఈ దొంగతనము బయటపడుటకు చాలకాలము పట్టినది. గ్లాకస్‌కు దగ్గర చుట్టములైన నత్తల సెరాటాలలో దంశకోశములు ఉన్నవని 19వ శతాబ్దిలోనే తెలియును. అవి నత్త స్వయముగా పుట్టించుకొన్నవే అని అప్పటివారు తలచిరి. నత్తకు దంశకోశములు ఉండుట పిల్లికి కొమ్ములు ఉండుట వంటిదే. అయినను కంటికి కనబడుచున్నపుడు కాదనుట ఎట్లు? ఎడింబరోకు చెందిన స్ట్రెథిల్ రైట్ అవి నత్త తిన్న ఆహారమునుండి వచ్చినవి కావచ్చునని ఊహించెను. 1903లో గ్రోస్వెనర్ అను ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు ఈ ఊహను బలపరచు నిదర్శనములు ప్రకటించెను. నత్త సంచిలోని దంశకోశముల ఆకారము అది తిను జంతువులోని వానితో సరిపోవును. ఆహారము మారినచో సంచిలోని సరకు కూడ మారును. దొంగ ఇంటిలో దొరికిన సొమ్ముమీద సొంతదారుని ముద్ర ఉన్నట్లు ఇది తిరుగులేని సాక్ష్యము.

గ్లాకస్ విషయమును ప్రత్యేకముగా పరిశీలించినవారు థాంప్సన్, ఇసోబెల్ బెన్నెట్ అను ఇద్దరు. ఆస్ట్రేలియా తీరమున స్నానము చేయువారిని ఈ నత్తలు కుట్టుచున్నవని తెలిసి వారు పరీక్షలు జరిపి, ఫైసేలియా దంశకోశములే అందుకు కారణమని 1969లో ప్రకటించిరి. చిక్కిన ప్రతి దంశకోశమును నత్త దాచుకొనదు. మిక్కిలి బాధ కలిగించు పెద్దవానిని ఎక్కువగా నిలువచేయును. అవి చిన్న సంచులలో దగ్గర దగ్గరగా క్రిక్కిరిసి యుండుటచేత, నత్త కాటు ఒక్కొక్కప్పుడు ఫైసేలియా కాటుకు తీసిపోదు.

మ్రింగునపుడు అవి నత్త నోటిలోనే ఎందుకు పేలవు? దీనికి ఒకే జవాబు లేదు. ఈ జాతి నత్తల నోటి లోపల, చర్మములోను గట్టి కైటిన్ తునకలు గల కణములు ఉన్నవి. ఇవి కొంతవరకు డాలు వలె పనిచేయును. శరీరమునుండి స్రవించు జిగురు కూడ తన ఆహారజంతువు దంశకోశములు పేలకుండ అడ్డగించునని ప్రయోగములలో కనబడినది. మరియొక మార్గము 2012లో వెల్లడియైనది. దగ్గర బంధువైన ఒక చిన్న నత్తలో పరిశోధకులు ఆమ్లత్వమునుబట్టి రంగు మారు ద్రవ్యమును ఉపయోగించి చూడగా, నత్తలోనికి వచ్చిన దంశకోశములు సంచిలో చేరిన పిమ్మట క్రమముగా ఆమ్లత్వమును పొంది, పేలుటకు సిద్ధమగుట కనబడినది. అనగా పక్వమైనవి నోటిలో పేలిపోగా, పచ్చివి లోనికి చేరి నత్త సంచిలో ముగ్గును. కోసిన కాయలను గడ్డిలో మాగవేయుట వంటిది.

సంతానోత్పత్తి విషయమున విశేషము కొద్దియే. తక్కిన నూడిబ్రాంకుల వలె గ్లాకస్ ఉభయలింగి. జతగూడిన పిమ్మట రెండును గ్రుడ్లు పెట్టును. దండవలె గ్రుచ్చినట్లుండు గ్రుడ్లపేట నీటిలో తేలును, లేదా తినివేసిన జంతువు మిగిలిన డొక్కకు అంటియుండును. గ్రుడ్డునుండి వెలువడు వెలిజర్ డింభకమునకు చిన్న గుల్ల ఉండును! పెరుగుచు దానిని వదలివేయును. తాతలనాటి ఇంటిని బాల్యములో ఒకసారి చూచివచ్చినట్లు, గుల్లగల పూర్వీకుల గుర్తు ఆ దశలో మాత్రము మిగిలినది.

గాలి ఎటు వీచిన అటు పోవు ఈ జీవులు లోకమంతట ఒకే గుంపుగా కలగలసి యుండునా? 2014లో జన్యుపదార్థమును పోల్చిచూడగా ఆఫ్రికా, యూరేషియా, అమెరికా భూఖండములు వీనికి గోడల వలె అడ్డుపడుచున్నవని తేలినది. అట్లాంటిక్‌లోని నత్తలకును, ఇండో–పసిఫిక్‌లోని వానికిని రాకపోకలు తెగిపోయినవి. ఇట్టి పరిశోధనలే గ్లాకస్ మార్జినేటస్ అను చిన్న చుట్టము ఒక్క జాతి కాదనియు, అందులో నాలుగు జాతులు దాగియున్నవనియు చూపినవి. కొత్తగా గుర్తించిన మూడింటిలో రెండింటికి థాంప్సని, బెన్నెట్టే అని పేర్లు పెట్టిరి. మూడవదాని పేరు మెక్‌ఫార్లేని. థాంప్సనుతో కలసి మెక్‌ఫార్లేన్ ఏడెన్ సింధుశాఖలోని గ్లాకస్‌లను గురించి 1967లో వ్రాసియుండెను.

సముద్రపు నత్తల శాస్త్రమునకును విశాఖపట్టణమునకును పాత సంబంధము ఒకటి కలదు. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ పేరు చరిత్ర చదివినవారికి తెలియును. అమరావతి శిల్పములను మద్రాసుకు చేర్చినది అతడే. ఆ దొర వాల్తేరు ఒడ్డున నూడిబ్రాంకులను కూడ సేకరించెను. సారాయిలో వేసిన నత్త రంగు కొలదికాలములోనే వెలిసిపోయి పాలిపోయిన తోలుముక్క వలె మిగులును. అందుచేత అతడు జీవించియున్న నత్తలకు ఇక్కడి చిత్రకారులచేత రంగుల బొమ్మలు వ్రాయించెను. వానిని, నమూనాలను చూచి ఇంగ్లండులోని ఆల్డర్, హాంకాక్ అను పండితులు 1864లో ఒక గ్రంథము ప్రకటించిరి. అందులోని కొత్త నత్తలలో ఒకదాని పేరు కళింగ ఆర్నేటా. పారదర్శకమైన శరీరముపై ఎఱ్ఱని బుడిపెలు గల ఆ నత్త నేటికిని అదే పేరుతో పిలువబడుచున్నది. మన ప్రాంతపు పేరు ఒక ప్రజాతికి నామమై లోకమంతటి జంతుశాస్త్ర గ్రంథములలో నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. బొమ్మలు వ్రాసిన చేతులకు దక్కవలసినంత కీర్తి దక్కలేదని మాత్రము చెప్పక తప్పదు.

తీరమునకు గ్లాకస్ రాక అప్పుడప్పుడు సంభవించును. ఒడ్డువైపు గాలులు కొన్నిదినములు ఎడతెగక వీచినపుడు న్యూస్టాన్ లోకమంతయు ఇసుకమీద పడును. నీలి తిత్తుల ఫైసేలియా, పార్పిటా ఒడ్డున కనబడినచో గ్లాకస్ కూడ ఉండవచ్చును. 2018 ఆగస్టులో ముంబయి తీరమున ఫైసేలియా కాటుకు పలువురు గురియైరి. 2025 ఆగస్టులో స్పెయిను దేశపు ఆగ్నేయతీరమునందలి గ్వార్దమార్ అను ఊరిలో రెండు మూడు గ్లాకస్‌లు కనబడినందుకే స్నానములను తాత్కాలికముగా నిషేధించిరి. అది అతిజాగ్రత్త అని నవ్వువారు ఉండవచ్చును గాని, అందమైన ఈ నీలిబొమ్మను చూచిన పిల్లవాడు మొదట చేయు పని దానిని చేతితో తీయుటయే. జంతువు చచ్చినను దంశకోశములు చావవు. ఇసుకలో ఎండుచున్న దానిని కూడ ముట్టరాదు. కాటు తగిలినచో చోటును ఇసుకతో రుద్దక, సముద్రపు నీటితో కడుగవలెను. ఫైసేలియా కాటుకు, ఓర్చుకొనగల వేడినీటిలో, సుమారు 45 డిగ్రీల సెల్సియస్‌లో, 20 నిమిషములు ఉంచుట మంచుగడ్డకంటె మేలని ఆస్ట్రేలియాలో జరిపిన పరీక్షలలో 2006లో తేలినది. ఊపిరి ఆడకపోవుట, ఒళ్ళు వాచుట వంటి లక్షణములు కనబడినచో ఆలస్యము చేయక వైద్యుని వద్దకు పోవలెను.

మనిషికి గ్లాకస్ వలన కలుగు అపాయముకంటె మనిషివలన దాని లోకమునకు కలుగు అపాయము పెద్దది. తేలు జీవులను ఒకచోటికి చేర్చు ప్రవాహములే తేలు ప్లాస్టిక్ చెత్తను కూడ అక్కడికే చేర్చును. ఉత్తర పసిఫిక్‌లో చెత్త గుమిగూడు ప్రాంతమున 2019లో సేకరించిన నమూనాలను పరీక్షించి 2023లో ఫలితములు ప్రకటించిరి. వెలెల్లా, పార్పిటా, జాంథినాలు ఆ ప్రాంతపు నడుమనే దట్టముగా ఉన్నట్లు తేలినది. పెద్ద వలలతో ఉపరితలమును ఊడ్చి ప్లాస్టిక్ తీయవలెననువారికి ఇది చిక్కుప్రశ్న. చెత్తయు, జీవులును పరిమాణములో ఒకటే. వలకు రెండింటికి భేదము తెలియదు. వెలెల్లా, పార్పిటాలు పోయినచోట గ్లాకస్‌కు తిండియు లేదు, ఆయుధములును లేవు.

మన తీరమున గ్లాకస్‌ను గురించి నమోదైన వివరములు ఇంకను కొద్దియే. సముద్రపు ఒడ్డున ఉన్న పాఠశాలలవారు గాలివానల తరువాత ఇసుకను వెదకి, కనబడిన తేదీని, గాలి దిక్కును, ప్రక్కన పడియున్న ఇతర జీవులను వ్రాసికొని, ఛాయాచిత్రము తీసినచో అది ఉపయోగకరమైన సమాచారమగును. జీవించియున్న దానిని పొడవైన గరిటెతో ఎత్తి, సముద్రపు నీరు పోసిన గాజుపాత్రలో వదలి చూడవచ్చును. కడుపులో గాలిబుడగ మిగిలియున్నచో అది కొంతసేపు సెరాటాలను కదల్చి, మెల్లగా తిరిగి వెల్లకిలబడి, నీలి పాదమును నీటిపొరకు ఆనించి నిలుచును.